మధ్యలో పోయిన ఇరవై వోల్టులు

ఆ ఆదివారం చేయాల్సిన పనులు ఇవి.

లేడీస్ హాస్టల్‌కు వెళ్ళి, మూడో అంతస్తులో లైట్లు ఎందుకు మసకబారుతున్నాయో చూడాలి.

చూడకపోయినా చూసినట్టు కనిపించాలి.

తప్పంతా ఒక కెటిల్‌దేనని ఓనరు గారి ముందు చెప్పాలి.

మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి, కొత్త షాపులో ఫ్యాన్లు బిగించాలి.

దారిలో నాన్న కళ్ళజోడు తేవాలి.

ఎవరితోనూ గొడవ పడకూడదు.

చివరి రెండూ మా అమ్మ చెప్పినవి. మిగతావన్నీ మా కాంట్రాక్టర్ చెప్పినవి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఇంజనీరింగ్ పూర్తిచేసి ఈ కాంట్రాక్టర్ దగ్గర చేరాను. చదివించినవాళ్ళ మాట, జీతం ఇచ్చేవాడి మాట జవదాటకూడదని నమ్మినవాణ్ణి. అందుకే అన్నిటికీ తల ఊపి బయల్దేరాను.

హాస్టల్ గుమ్మంలో వార్డెనమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఆమె చేతిలో ఒక స్టీలు పళ్ళెం, గరిటె ఉన్నాయి.

"భోజనం వేళ ఇంకా కాలేదు కదండీ," అన్నాను, మర్యాదకి.

"ఇది భోజనానికి కాదు, నీకు. తల దించుకుని నా వెనకే రా. నేను ఆగితే ఆగు."

మెట్లెక్కుతూనే ఆమె పళ్ళెం వాయించడం మొదలుపెట్టింది. "మగమనిషి వస్తున్నాడు! మగమనిషి వస్తున్నాడు!"

ప్లంబరు వచ్చినా, నీళ్ళ ట్యాంకు కడిగేవాడు వచ్చినా ఆ హాస్టల్లో అదే మర్యాదట. తలుపులు ధడేల్ ధడేల్‌మని మూసుకున్నాయి. నన్ను ఊరేగిస్తున్నట్టే ఉంది. ఏనుగు ఒక్కటే తక్కువ.

మూడో అంతస్తులో ఒక్క తలుపు మాత్రం మూసుకోలేదు. ఆ గుమ్మంలో ఒకమ్మాయి కెటిల్‌ను చంకనెత్తుకుని నిలబడి ఉంది. ఎవరో తన పాపను లాక్కుపోవడానికి వచ్చినట్టు నావైపు చూసింది.

"ఈయనేనా శిక్ష వేసేది?" అని అడిగింది.

"ఈ పిల్లే," అంది వార్డెనమ్మ నాతో. "స్కూల్లో సైన్సు టీచరు. రూల్సు బోర్డు చదవడం మాత్రం రాదు. కెటిళ్ళు నిషేధం అని అంతేసి అక్షరాలతో రాసి ఉంది."

"చదివాను వార్డెనమ్మా. ఎందుకో రాయలేదు. కారణం లేకుండా జవాబు ఒక్కటే రాస్తే మా ఎనిమిదో తరగతి పిల్లలకు నేను సున్నా వేస్తాను. రోజంతా అరిచి అరిచి గొంతు పోతోంది. వేడినీళ్ళు లేకపోతే మర్నాడు పాఠం సైగలతో చెప్పాలి."

నేను కెటిల్ తీసుకుని తిరగేసి, అడుగున ఉన్నది చదివాను.

"పదిహేను వందల వాట్లు. రెండు వందల ముప్ఫై వోల్టులతో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. ఈ అంతస్తులో లైట్లన్నీ కలిపినా అంత తీసుకోవు. అందుకే మసకబారుతున్నాయి. తేలిపోయింది."

"మీరు కొలిచారా, చదివారా?"

"కంపెనీవాళ్ళే రాశారండీ."

"నా గుర్తింపు కార్డు ఫొటోలో నేను నవ్వుతూ ఉంటాను. ఇప్పుడు నవ్వుతున్నానా?"

లేదు. అస్సలు నవ్వడం లేదు. నవ్వితే ఎలా ఉంటుందోనన్న ఆలోచన ఒకటి పిలవకుండానే వచ్చి నా బుర్రలో కూర్చుంది. దాంతో నాకు ఇంకా కోపం వచ్చింది.

"కొలుద్దాం," అని సంచీలోంచి క్లాంప్ మీటరు తీశాను. పీత కాలులా నోరు తెరుచుకునే పరికరం అది. తీగ చుట్టూ పెడితే ఎంత కరెంటు పోతోందో చెబుతుంది. కెటిల్లో నీళ్ళు పోసి, స్విచ్ వేసి, ఆ విసురులోనే తీగ మొత్తాన్ని దాని నోట్లో పెట్టేశాను.

మీటరు సున్నా చూపించింది.

టీచరు వంగి చూసింది. "కరెంటు ముట్టకుండానే నీళ్ళు కాస్తోంది! వార్డెనమ్మా, పాపం నా కెటిల్ ఉపవాసం ఉంది!"

మూసిన తలుపుల వెనక కిసుక్కుమన్న నవ్వులు వినిపించాయి.

నా చెవులు కాలాయి. వెళ్ళే తీగ, వచ్చే తీగ రెండూ కలిపి పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఈ మీటరు ఎప్పుడూ సున్నాయే చెబుతుంది. ల్యాబులో మొదటి రోజు చెప్పే మాట.

"ఒక్క తీగకే పెట్టాలి," అని గొణిగాను.

"ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉందండీ."

"అయితే చదివారన్నమాట."

అప్పుడు నవ్వింది. నేను వెంటనే సంచీలో తల దూర్చి, రెండు తీగలూ విడివిడిగా ఉండే ప్లగ్గు కోసం వెతికాను. అది పైనే ఉంది. అయినా కాసేపు వెతికాను.

ఈసారి సరిగ్గా బిగించాను. వోల్టులు చూసే మీటరు కూడా తగిలించాను. "ఆరు ఆంపియర్లు. రెండు వందల పది వోల్టులు."

ఎదురుగా నల్లబల్ల ఉన్నట్టే ఆమె గాల్లో వేలితో రాసుకుంది. "వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, ముప్ఫై అయిదు ఓమ్‌లు. గుణిస్తే పవరు, పన్నెండు వందల అరవై వాట్లు." వేలు ఆగింది. "పదిహేను వందలన్నారు కదా? నా కెటిల్ తిండి మధ్యలో ఎవరు లాక్కుంటున్నారు?"

"వోల్టేజి తక్కువ వస్తోంది. అది తగ్గితే కరెంటూ తగ్గుతుంది, పవరూ తగ్గుతుంది."

"ఎందుకు తక్కువ వస్తోంది?"

బయట వాన మొదలైంది.

నాకు అప్పటిదాకా తట్టని ప్రశ్న అది. తట్టాల్సిన ప్రశ్న. నేను కెటిల్ మీద నేరం మోపడానికి వచ్చాను కాబట్టి, కెటిల్‌ను దాటి చూడలేదు.

"కింద మెయిన్ బోర్డు దగ్గర ఎంత ఉందో చూడాలి," అన్నాను. "కెటిల్ నడుస్తుండగానే చూడాలి. నేను కింద ఉంటే పైన అంకె ఎవరో ఒకరు చదివి చెప్పాలి. అందుకని... మీ ఫోన్ నంబరు..."

"ఓహో!" అంది పక్కగది తలుపు.

"చాలామంది అడిగారు గానీ, వోల్టేజి కోసం అడిగింది మీరొక్కరే," అని టీచరు నంబరు చెప్పింది.

"నేను వింటూనే ఉన్నాను," అంది వార్డెనమ్మ.

"వినండి, స్పీకర్లోనే పెడతాను. అక్కలూ! అందరూ లైట్లు, ఫ్యాన్లు ఆపేయండి. లెక్క తప్పకూడదు. దాచుకున్నవేమైనా ఉంటే అవి కూడా!"

దాచుకున్నవి అనగానే నాలుగైదు గదుల్లో టక్కు టక్కుమని స్విచ్చులు ఆగాయి. వార్డెనమ్మ కనుబొమలు పైకి లేచాయి.

నేను కిందికి పరిగెత్తాను. మెయిన్ బోర్డు మెట్ల కింద ఉంది. ఇంకో మీటరు పెట్టి ఫోన్ చేశాను.

"త్వరగా చెప్పండి, నీళ్ళు మరిగిపోతున్నాయి!"

"పారబోసి చల్లనీళ్ళు పోయండి."

"పారబోయనివ్వడం లేదు. వార్డెనమ్మ కాళ్ళు కడుక్కుంటుందట."

"పైన ఎంత?"

"రెండు వందల పది. కింద?"

నేను ఇంకోసారి చూసుకున్నాను. "రెండు వందల ముప్ఫై."

ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు.

"అంటే ఇరవై వోల్టులు మెట్లెక్కే దారిలో ఎక్కడో పోతున్నాయి. ఇరవైని ఆరుతో భాగిస్తే మూడు ఓమ్‌ల పైచిలుకు. గోడలో తీగకు అంత నిరోధం ఉంటుందా?"

"పావు ఓమ్ కూడా ఉండకూడదు."

"గుణిస్తే నూట ఇరవై వాట్లు." ఆగింది. "మా గోడలో ఎక్కడో అరవై వాట్ల బల్బులు రెండు వెలిగితే ఎంత వేడో అంత వేడి, ఎవరికీ కనపడకుండా ఒక్కచోట పుడుతోంది. అంతేనా ఇంజనీరు గారూ?"

"అంతేనండీ టీచరు గారూ."

నేను ఆ లెక్క ఎన్ని పరీక్షల్లో రాశానో. అది మనుషులు నిద్రపోయే గోడలో ఉండగలదని ఎప్పుడూ అనుకోలేదు.

రెండో అంతస్తు బోర్డు దగ్గర వోల్టేజి సరిగ్గానే ఉంది. మూడో అంతస్తు బోర్డు దగ్గర లేదు. అంటే రోగం ఆ రెండింటి మధ్యే ఉంది. ఆ మెట్ల మలుపులో గోడకు నున్నటి చెక్క పలక కొత్తగా బిగించి ఉంది. ఓనరు గారు మొన్నమొన్ననే ముచ్చటపడి వేయించుకున్నది.

టీచరు పైనుంచి దిగి వచ్చి పలక మీద అరచెయ్యి ఆనించింది. "జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా ఉంది."

నేనూ పక్కనే చెయ్యి పెట్టాను. నిజమే. అవసరమైనదాని కంటే కాస్త ఎక్కువసేపే పెట్టి ఉంచాం ఇద్దరం.

"చేతులు తీయండి," అంది వార్డెనమ్మ. "నన్ను చూడనివ్వండి."

చూసింది. ఆమె మొహం మారిపోయింది. "ఈ గోడకు అవతలి గదిలోనే కదా మా టైపిస్టు పడుకునేది," అంది మెల్లగా.

నేను మూడో అంతస్తు ఫ్యూజు లాగి ఆమె చేతిలో పెట్టాను. "ఈ పలక తీసి, లోపల అతుకు బాగుచేసేదాకా దీన్ని పెట్టనివ్వకండి. ఎవరడిగినా."

ఆమె దాన్ని చేతిసంచీలో వేసుకుని జిప్పు లాగింది.

ఓనరు గారు గొడుగు దులుపుకుంటూ వచ్చారు. నా మాట సగం వరకే విన్నారు.

"కెటిల్ తీసేస్తే మసకబారడం తగ్గుతుందా, తగ్గదా?"

"తగ్గుతుంది సార్. కానీ తీగ అతుకు..."

"తగ్గుతుంది కదా? అయితే కెటిలే కారణం."

"థర్మామీటరు పగలగొడితే జ్వరం పోతుందన్నట్టుంది సార్," అంది టీచరు.

"నువ్వు మాట్లాడకు. నీ మీద రూలు తప్పిన నేరం ఉంది. రేపు పొద్దున మీ అన్నయ్యను రమ్మని కబురు పెట్టాను. గది ఖాళీ చేయి. నువ్వు, బాబూ, అదే మాట రేపు అందరి ముందూ చెప్పు. మీ కాంట్రాక్టర్‌తో మాట్లాడాను. ఆ పలక మీద గీత పడిందో, చూసుకోండి. వార్డెనమ్మా, ఆ ఫ్యూజు ఇటివ్వండి."

"ఇంజనీరు పెట్టమంటే పెడతానండీ."

"నీకు జీతం ఇచ్చేది ఇంజనీరా, నేనా?"

"మీరేనండీ. ఈ పిల్లల్ని నాకు అప్పగించి వెళ్ళింది మాత్రం వాళ్ళ అమ్మానాన్నలు."

ఓనరు గారు ఆమెవైపు అలాగే చూసి, గొడుగు తెరవడం కూడా మరిచిపోయి వానలోకి వెళ్ళిపోయారు.

మెట్లమీద టీచరు నన్ను ఆపింది. "గది పోతే నా ఉద్యోగం పోయినట్టే. స్కూలుకు దగ్గరలో ఇంకో హాస్టల్ లేదు. 'హాస్టల్ నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా మూటాముల్లె సర్దుకుని ఇంటికి వచ్చేయాలి' అని మాట తీసుకునే మా అన్నయ్య పంపించాడు. ఇది మీకు జాలి పుట్టించడానికి చెప్పడం లేదు. రేపు మీ మాట మీద ఏముందో మీకు తెలియాలని చెబుతున్నాను."

నా జేబులో ఫోన్ మోగింది. కాంట్రాక్టర్. "ఏరా, కెటిల్ అనే రెండు ముక్కలు చెప్పడానికి ఇంతసేపా?"

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "కళ్ళజోడు తెచ్చావా?"

"మర్చిపోయానమ్మా."

"గొడవ?"

"అది మర్చిపోలేదు."

మొత్తం చెప్పాను. అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అప్పులపాలు కాకుండా, గుట్టుగా, నిన్ను ఇంతవాణ్ణి చేశాం. నువ్వు చదివింది నిజాలు చెప్పడానికా, బతకడానికా?"

"రెండింటికీ ఒకే చదువు అనుకున్నానమ్మా."

నాన్న ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. ఇంట్లో ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు మాట్లాడాడు.

"నాకు చదువు లేదు. ఎవరు ఏ అంతస్తు అంటే ఆ మీట నొక్కాను. తప్పో ఒప్పో నాకక్కర్లేదు. నువ్వు అంత చదివి, ఎవడు చెప్పిన మీట వాడికి నొక్కితే ఇక నీకూ నాకూ తేడా ఏముందిరా?"

"ఉద్యోగం పోతే?" అంది అమ్మ.

"పోతే ఇంకోటి వెతుక్కుంటాడు. అందాకా నేనున్నాగా, నొక్కుతూ."

అప్పుడే ఫోన్‌లో టీచరు సందేశం వచ్చింది. "అంతస్తంతా చీకటి. ఓనరు మళ్ళీ వచ్చి ఫ్యూజు అడిగాడు. వార్డెనమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని మెట్లమీదే కూర్చుంది. ఇవ్వలేదు. రేపు మీరేం చెబుతారు?"

"కొలిచింది చెబుతాను."

"ఒక్క ముక్కేనా? మా పిల్లలు నయం, కనీసం అయిదు వాక్యాలు రాస్తారు."

"భయంగా ఉందా?"

కాసేపటికి జవాబు వచ్చింది. "ఉంది. కానీ బట్టలు సర్దలేదు."

ఆ నాలుగు మాటలూ చదివి నేను ఫోన్ పక్కన పెట్టలేకపోయాను. అమ్మ రెండుసార్లు పిలిచిందట, భోజనానికి.

మర్నాడు పొద్దున హాస్టల్ భోజనాల గదిలో అందరూ చేరారు. టీచరు వాళ్ళన్నయ్య వడ్రంగి. చెవి మీద పెన్సిల్, చొక్కా మీద రంపప్పొట్టు. పనిలోంచి పిలిపిస్తే పనిముట్ల సంచీతో సహా వచ్చేసినట్టున్నాడు. చెల్లెలి వైపు చూడకుండా కూర్చున్నాడు. మా కాంట్రాక్టర్ నా పక్కనే నిలబడి మోచేత్తో పొడుస్తున్నాడు.

"చెప్పు బాబూ," అన్నారు ఓనరు గారు. "కారణం ఏమిటి?"

టీచరు నావైపు చూడలేదు. వార్డెనమ్మ చూసింది.

"కెటిల్ కాదండీ," అన్నాను. "కింద రెండు వందల ముప్ఫై వోల్టులున్నాయి. పైకి రెండు వందల పదే చేరుతున్నాయి. మిగతా ఇరవై ఆ చెక్క పలక వెనక అతుకులో వేడిగా మారిపోతున్నాయి. కెటిల్ తీసేస్తే ఆ వేడి తగ్గుతుంది గానీ పోదు. రేపు ఇంకెవరో ఇంకేదో పెడతారు. ఆ గోడ అంటుకుంటుంది."

కాంట్రాక్టర్ నా భుజం పట్టుకున్నాడు. "నిన్ను పంపింది ఇది చెప్పడానికా? రేపట్నుంచి పనిలోకి రాకు."

"ఇవాళ్టి నుంచే రాను సార్. కానీ ఆ ఫ్యూజు మాత్రం పెట్టమనను."

అంతకుముందు నా జీవితంలో ఎవరికీ 'రాను' అని చెప్పలేదు. ఆ మాట ఇంత చిన్నదా అనిపించింది.

ఓనరు గారు బల్ల గుద్దారు. "అతుకు సంగతి నేను చూసుకుంటాను, ఎప్పుడో ఒకప్పుడు. ఈ లోపల రూలు రూలే. కెటిల్ ఉన్నవాళ్ళు నా హాస్టల్లో ఉండరు. అంతే!"

వెనక వరసలో కుర్చీ జరిగింది. టైపిస్టు అక్క లేచింది. అందరిలోకీ పెద్దది, ఎప్పుడూ ఎవరితోనూ మాట పడని మనిషి. చేతిసంచీలోంచి ఒక చిన్న కెటిల్ తీసి బల్ల మీద పెట్టింది. "అయితే నేనూ ఉండను."

నర్సమ్మాయి ఒక ఇస్త్రీపెట్టె తెచ్చి దాని పక్కన పెట్టింది. "నేనూ."

ఇంకొకామె జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చింది. ఇంకొకామె కెటిల్. మళ్ళీ కెటిల్. చూస్తూ చూస్తూ ఉండగానే భోజనాల బల్ల కరెంటు సామాన్ల కొట్టులా తయారైంది.

వార్డెనమ్మ నోరు వెళ్ళబెట్టింది. "ఇన్నా! నా కళ్ళుగప్పి ఇన్ని దాచారా! ఉండండి, మీ పని తర్వాత చెబుతాను." తర్వాత ఓనరు గారి వైపు తిరిగింది. "ముందు ఆయన పని కానివ్వండి."

అప్పటిదాకా నోరు విప్పని అన్నయ్య లేచాడు. "చెల్లీ, గోడ నిజంగానే వేడిగా ఉందా?"

"వచ్చి చెయ్యి పెట్టి చూడన్నయ్యా."

"ఇప్పుడు వేడిగా ఉండదండీ," అన్నాను నేను. "నిన్నటి నుంచి ఫ్యూజు లేదు కదా. చల్లారిపోయి ఉంటుంది."

టీచరు నుదురు కొట్టుకుంది. అన్నయ్య నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "కలిసొచ్చే అబద్ధం కూడా చెప్పలేవా?"

"రాదండీ."

"హూఁ," అని సంచీ భుజాన వేసుకున్నాడు. "ఆ పలక ఎక్కడుందో చూపించండి. నేను తీస్తే గీత పడదు. మళ్ళీ బిగిస్తే తీసినట్టు ఎవరికీ తెలియదు."

ఓనరు గారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "నా గోడ, నా చెక్క. ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు."

వార్డెనమ్మ బల్ల మీది పళ్ళెం, గరిటె అందుకుంది. ఆయన చెవి పక్కనే ఖణేల్‌మని వాయించింది. "మగవాళ్ళు వస్తున్నారు! తప్పుకోండి! మగవాళ్ళు వస్తున్నారు!"

ఆమె ముందు, వెనక అన్నయ్య, ఆ వెనక నేను, మా వెనక హాస్టల్ మొత్తం. ఓనరు గారు తప్పుకున్నారో, ఆ గుంపే ఆయన్ను తప్పించిందో నాకు తెలియదు.

నేను మెయిన్ స్విచ్ ఆపి వచ్చేసరికి అన్నయ్య మరలు విప్పేశాడు. పలక ఊడి చేతిలోకి వచ్చింది.

లోపల రెండు తీగలు మెలిపెట్టి, వాటికి టేపు చుట్టి ఉంది. ఆ టేపు కరిగి, నల్లగా ముద్దకట్టుకుపోయింది. అన్నయ్య పలక వెనక్కి తిప్పాడు. అతుకు ఎదురుగా చెయ్యంత మేర చెక్క మాడిపోయి ఉంది. పెన్సిల్ మొనతో గీకితే పొడి పొడిగా రాలింది.

"బొగ్గయింది," అన్నాడు. "చెక్క ఇంతదాకా వచ్చాక మంట రావడానికి ఎంతో సేపు పట్టదు. ఈ గోడ పక్కనేనా నా చెల్లెలు ఉండేది?"

టైపిస్టు అక్క గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది.

"నాకు తెలియదయ్యా," అన్నారు ఓనరు గారు.

"తెలుసుకోనివ్వలేదు," అంది టీచరు.

నేను కాలిన ముక్కలు కోసేసి, మరలతో బిగించే కొత్త కనెక్టరు వేసి, తీగలు గట్టిగా బిగించాను. జీతం లేని పని అది. అంత శ్రద్ధగా నేనెప్పుడూ ఏ పనీ చేయలేదు. వార్డెనమ్మ సంచీ జిప్పు తీసి, ఫ్యూజు నా చేతికిచ్చింది. మళ్ళీ కొలిచాం. కింద రెండు వందల ముప్ఫై, పైన రెండు వందల ఇరవై తొమ్మిది. కెటిల్ ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటూ దర్జాగా మరిగింది. లైట్లు రెప్ప కూడా వేయలేదు.

అన్నయ్య కింద ఓనరు గారితో గట్టిగా మాట్లాడుతున్నాడు. మెట్ల మలుపులో నేను పనిముట్లు సర్దుకుంటున్నాను. టీచరు వచ్చి గోడకు ఆనుకుంది.

"ఇప్పుడు ఎంత వేడి పుడుతోంది అక్కడ?"

"ఒక వోల్టు, ఆరున్నర ఆంపియర్లు. ఆరున్నర వాట్లు. అది కూడా తీగ పొడవునా. ప్రమాదం లేదు."

"బాగుంది. లెక్కలు తప్ప ఇంకేమైనా మాట్లాడడం వచ్చా మీకు?"

సంచీ కింద పెట్టాను. "మూడు విషయాలు చెప్పాలి. నాకిప్పుడు ఉద్యోగం లేదు. మా నాన్న లిఫ్టు నడుపుతాడు. మీరంటే నాకిష్టం."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి గానీ చూపు తిప్పుకోలేదు. "మూడోది మొదట చెప్పాలి. మొదటి రెండూ అసలు అడగలేదు."

"దాచడం బాగుండదని..."

"నాకూ మూడు విషయాలున్నాయి. నేను ఉద్యోగం మానను. కెటిల్ వదలను." కొంచెం ఆగింది. "మూడోది నిన్న సున్నా చూపించి మీ చెవులు ఎర్రబడినప్పుడే అనుకున్నాను. మీరే గుణించుకోండి."

"వినిపిస్తోంది," అన్నాడు అన్నయ్య కింది మెట్టు మీంచి. మేమిద్దరం ఎగిరిపడ్డాం. ఆయన మొహంలో నవ్వు లేదు. "ఏమయ్యా, మీవాళ్ళను తీసుకుని ఇంటికి రా."

"ఉద్యోగం దొరికాక వస్తానండీ."

"దొరక్కముందే రా. దొరికాక అందరూ వస్తారు." చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వేమిటే అలా చూస్తావు? స్కూలుకు టైము కాలేదా?"

ఆమె పరిగెత్తింది. పైమెట్టు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది, అన్నయ్యను కాదు.

ఆ తర్వాతి కథ మామూలుదే. అమ్మ మొదట ఏడ్చింది, టీచరును చూశాక మెత్తబడింది. నాన్న కొత్త కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు. పాత ఇళ్ళలో తీగలు కొలిచి, ఎక్కడ వేడి పుడుతోందో చెప్పే పని నేను సొంతంగా మొదలుపెట్టాను. మొదట్లో తడబడ్డా ఇప్పుడు నిలదొక్కుకున్నాను. ఆమె ఇంకా ఎనిమిదో తరగతికి పాఠం చెబుతూనే ఉంది. ఆ హాస్టల్లో తీగలన్నీ కొత్తవి వేయించారు. బోర్డు మీది రూలు తీసేశారు. టైపిస్టు అక్క ఆ గదిలోనే హాయిగా నిద్రపోతోంది.

కానీ వార్డెనమ్మ అక్కడ లేదు.

అన్నీ సద్దుమణిగాక ఓనరు గారు ఆమెను పిలిచారట. ఫ్యూజు ఇవ్వనని ఎదురు తిరిగినందుకు, పదిమంది ముందూ పరువు తీసినందుకు క్షమాపణ చెబితే ఉండనిస్తానన్నారట. "గోడ కాలుతుంటే అడ్డుపడినందుకు క్షమాపణ ఎలా చెప్పాలో నాకు తెలియదండీ," అని ఆమె ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుంది. పిల్లలు ఏడుస్తూ చుట్టుముడితే, "ఆపండి, రేపు పనులకు ఎవరు పోతారు?" అని కసురుకుని వెళ్ళిపోయింది. పెళ్ళికి పిలవాలని మేం చాలా వెతికాం. చెల్లెలి ఇంట్లో ఉందని ఒకరన్నారు. వేరే ఊళ్ళో ఇంకో హాస్టల్లో చేరిందని ఒకరన్నారు. దొరకలేదు.

ఈ కథ చదివినవాళ్ళు మా ఇద్దరినీ మరిచిపోయినా ఫరవాలేదు. మాకు లెక్క తెలుసు. తెలిసినదాని మీద నిలబడ్డాం, ఒకరికొకరం దొరికాం. ఆమెకు ఓమ్‌లు, వాట్లు తెలియవు. గోడ మీద చెయ్యి పెట్టి చూసింది, వేడిగా ఉందని తెలుసుకుంది, ఆ తర్వాత ఎవరడిగినా ఇవ్వలేదు.

దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి.